చేతులు మారినవి, చేతిలో మిగిలినవి – పింగాణీ కళాకారుడు ఎడ్మండ్ డి వాల్

బదిలీ ఆర్డరు వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో మొట్టమొదట సర్దేది మా అత్తయ్యగారి ఆవకాయ జాడీ. పైన ముదురు గోధుమరంగు, కింద గంధంరంగు ఉన్న మామూలు జాడీ అది. లోపల దిండు గలీబులు కుక్కి, పాత చీర రెండు వరసలు చుట్టి, లారీలో వేయకుండా మాతోపాటే కారులో నా కాళ్ళ దగ్గర పెట్టుకుని తీసుకెళతాం. ఆరు బదిలీలలో ఫ్రిజ్ తలుపు సొట్టపోయింది, బీరువా అద్దం పగిలింది, పెళ్ళికి వచ్చిన డిన్నర్ సెట్టులో సగం పోయింది. జాడీకి మాత్రం గీత పడలేదు. ఈ పత్రిక చదివే ఇళ్ళలో చాలావాటిలో ఇలాంటి వస్తువు ఒకటి ఉండే ఉంటుంది.

తాకట్టు వస్తువుకు విలువ కట్టడం మన ఉద్యోగంలో భాగం. బంగారమైతే తూకం, స్వచ్ఛత చూస్తాం. ఇల్లయితే వాల్యుయరు రిపోర్టు తెప్పిస్తాం. కానీ ఈ జాడీ విలువ ఎంత అని మా అమ్మాయి ఒకసారి అడిగితే, కొత్తది కొంటే ఎంతవుతుందో చెప్పాను. "అది ధర కదమ్మా" అంది. కొన్ని నెలల తర్వాత తను చదివిన పుస్తకం ఒకటి తెచ్చి నా చేతికిచ్చింది. రాసినాయన వృత్తి కుండలు చేయడం. రాసిన కథ ఒక బ్యాంకు కుటుంబానిది. ఆ రెండూ ఒకే పుస్తకంలో ఎలా కలిశాయా అని మొదలుపెట్టి, ఆయన పని గురించి దొరికినంత చదివాను. ఆయన పేరు ఎడ్మండ్ డి వాల్. ఇంగ్లండు దేశస్థులు. చదివి తెలుసుకున్నది మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

మూడు రకాల మట్టి

ముందుగా ఒక చిన్న పాఠం. కుండ, జాడీ, పింగాణీ కప్పు మూడూ మట్టివే అయినా, వాడిన మట్టిని బట్టి, కాల్చిన వేడిని బట్టి వాటి గుణం మారుతుంది. నీళ్ళకుండ సాధారణంగా 1000 డిగ్రీల సెంటీగ్రేడు లోపు వేడిలో కాలుతుంది. దాని గోడల్లో కంటికి కనపడని రంధ్రాలు మిగిలిపోతాయి. వాటిలోంచి పైకి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. వేసవిలో మన కుండనీళ్ళ రహస్యం అదే.

జాడీని స్టోన్‌వేర్ అంటారు. దాన్ని 1200 నుంచి 1300 డిగ్రీల దాకా కాలుస్తారు. అంత వేడికి మట్టిలో కొంత భాగం కరిగి, చల్లారేటప్పుడు రాయిలా బిగుసుకుంటుంది. రంధ్రాలు మూసుకుపోతాయి. అందుకే ఉప్పు, కారం, నూనె, పులుపు ఏడాదిపాటు నిలవున్నా జాడీ వాటిని పీల్చుకోదు.

మూడోది పోర్సిలిన్, అంటే అసలైన పింగాణీ. తెల్లని చీనా మట్టిని, ఒకరకం రాతిపొడిని కలిపి 1300 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో కాలిస్తే వస్తుంది. పలచగా చేసిన పింగాణీని దీపం ముందు పెడితే వెలుగు అవతలికి కనిపిస్తుంది. కానీ సారె మీద దాన్ని లొంగదీయడం కష్టం. ఎండేటప్పుడూ కాలేటప్పుడూ బాగా కుంచించుకుపోతుంది. ఏమాత్రం తేడా వచ్చినా వంకర తిరుగుతుంది, పగులుతుంది. డి వాల్ వృత్తి జీవితం జాడీ రకం మట్టితో మొదలై పింగాణీ దగ్గరకు చేరింది.

అమ్ముడుపోని కుండలు

డి వాల్ 1964లో నాటింగ్‌హామ్‌లో పుట్టారు. తండ్రి ఆంగ్లికన్ చర్చిలో మతాధికారి. తర్వాత కాంటర్‌బరీ కెథీడ్రల్‌కు డీన్‌గా పనిచేశారు. అయిదేళ్ళ వయసులో తండ్రితో కలిసి సాయంత్రం తరగతికి వెళ్ళి ఎడ్మండ్ తొలి పాత్ర చేశారు. దానికి రంగులేవీ వద్దని తెల్లని పూతే వేయించుకున్నారు. తర్వాతి జీవితమంతా తెలుపుతోనే గడిచిన మనిషికి ఇది తగిన ఆరంభమే.

కాంటర్‌బరీలో చదివిన బడిలో ఆయనకు జెఫ్రీ వైటింగ్ అనే గురువు దొరికారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో వైటింగ్ మన దేశంలో సైనిక విధుల్లో ఉండి, ఇక్కడి కుమ్మరుల పనితో పరిచయం పెంచుకున్నవారు. బడి ముగిశాక ఎడ్మండ్ విశ్వవిద్యాలయంలో చేరడం వాయిదా వేసుకుని, 1981 నుంచి 1983 వరకు వైటింగ్ దగ్గరే శిష్యరికం చేశారు. ఒకే ఆకారాన్ని వందలసార్లు చేయడం, చేసినదాన్ని మళ్ళీ ముద్దచేసి మొదలుపెట్టడం ఆ శిష్యరికంలో పాఠాలు. ఆ తర్వాత కేంబ్రిడ్జిలో ఆంగ్లసాహిత్యం చదివి ప్రథమశ్రేణిలో పట్టా పొందారు.

మంచి మార్కులతో బయటికొచ్చిన కుర్రవాడు ఏ ఉద్యోగంలోనో చేరతాడనుకుంటాం. ఆయన వేల్స్ సరిహద్దులోని హెరఫర్డ్‌షైర్‌కు వెళ్ళి సొంతంగా బట్టీ పెట్టుకున్నారు. రోజువారీ వాడుకకు పనికొచ్చే, తక్కువ ధరకు దొరికే స్టోన్‌వేర్ గిన్నెలు, కప్పులు చేయాలన్నది ఆశయం. ఇది బెర్నార్డ్ లీచ్ అనే పెద్దాయన నేర్పిన దారి. లీచ్ చాలాకాలం జపాన్‌లో ఉండి, 1920లో ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో కుండల కర్మాగారం పెట్టిన మనిషి. మంచి కుండ అంటే నిరాడంబరంగా, మట్టిరంగులో, పనికొచ్చేదిగా ఉండాలన్న ఆయన మాట బ్రిటన్‌లోని కుండల కళాకారులకు రెండు తరాలపాటు వేదవాక్కు.

ఆశయం గొప్పదే, గిరాకీ రాలేదు. రుణం తీసుకుని యూనిట్ పెట్టిన చిన్న వ్యాపారులను మనం రోజూ చూస్తుంటాం. సరుకు మంచిదే, పని వచ్చినవాడే, అయినా కొనేవాడు రాడు. అప్పుడు చాలామంది ధర తగ్గిస్తారు, లేదా మూసేస్తారు. డి వాల్ 1988లో షెఫీల్డ్ అనే పారిశ్రామిక నగరానికి మారి, అప్పటిదాకా వాడుతున్న మట్టినే మార్చేశారు. గురువుల సంప్రదాయం గౌరవించే గోధుమరంగు మట్టి వదిలి పింగాణీ పట్టుకున్నారు. ఇరవై నాలుగేళ్ళ వయసులో అది చిన్న నిర్ణయం కాదు. నేర్చుకున్న చెయ్యే అయినా కొత్త మట్టికి మళ్ళీ అలవాటు పడాలి.

టోక్యోలో మధ్యాహ్నాలు

1991లో ఆయనకు రెండేళ్ళ జపాన్ స్కాలర్‌షిప్ వచ్చింది. మొదటి ఏడాది ఇంగ్లండులో జపనీస్ భాష, రెండో ఏడాది టోక్యోలో పని. అక్కడ కుండలు చేస్తూనే, లీచ్ గురించి జానపద కళల మ్యూజియంలోని పాత కాగితాలు చదివారు. జపాన్ గురించి లీచ్ చెప్పిన మాటలు కొద్దిమంది చదువుకున్న స్నేహితుల ద్వారా తెలుసుకున్నవేనని, అక్కడి సామాన్య కుమ్మరుల జీవితం వాటిలో అంతగా లేదని ఆయనకు అర్థమైంది. 1998లో లీచ్ మీద రాసిన పుస్తకంలో ఆ సంగతి మర్యాదగానే, దాపరికం లేకుండా రాశారు. అందరూ పూజించే గురువును ప్రశ్నించడం వృత్తిలోని వాళ్ళకు రుచించే పని కాదు. అయినా తను నేర్చుకున్నదాన్ని తానే సరిచూసుకోవాలనుకున్నారు.

టోక్యోలో వారానికొక మధ్యాహ్నం ఒక వృద్ధుడి ఇంటికి వెళ్ళేవారు. ఆయన ఇగ్గీ, ఎడ్మండ్ నాయనమ్మకు స్వయానా తమ్ముడు. ఆ ఇంట్లో ఒక అద్దాల బీరువా, అందులో 264 చిన్న బొమ్మలు ఉండేవి. వాటిని నెట్సుకే అంటారు. పాతకాలపు జపాన్ దుస్తులకు జేబులు ఉండేవి కావు. సంచిని తాడుతో నడికట్టుకు వేలాడదీసుకునేవారు. తాడు జారిపోకుండా పై చివర కట్టే బిళ్ళే నెట్సుకే. దంతంతోనో చెక్కతోనో చేసిన ఆ బిళ్ళ మీద ఎలుకలు, పులులు, పండ్లు, మనుషులు చెక్కేవారు. గుప్పెట్లో ఇమిడిపోయే పరిమాణం. వాటిలో ఒకటి అంబరు కళ్ళున్న కుందేలు.

ఇగ్గీ 1994లో చనిపోయారు. ఆ తర్వాత కొంతకాలానికి ఆ 264 బొమ్మలు ఎడ్మండ్‌కు వచ్చాయి. ఇవి ఎవరెవరి చేతుల్లోంచి వచ్చాయి, ఏ గదుల్లో ఉన్నాయి, ఎవరు ముట్టుకున్నారు అన్న ప్రశ్నలు ఆయనను వదల్లేదు. సారె పక్కన పెట్టి పారిస్, వియన్నా, ఒడెస్సా తిరిగారు. ఆ తిరుగుడంతా 2010లో 'ద హేర్ విత్ అంబర్ ఐస్' అన్న పుస్తకంగా వచ్చింది. దానికి ఆ ఏడాది కోస్టా జీవితచరిత్ర పురస్కారం లభించింది. మా అమ్మాయి నా చేతికిచ్చినది ఆ పుస్తకమే.

ఒక బ్యాంకు, ఒక సంతకం

ఎడ్మండ్ నాయనమ్మ ఎలిజబెత్ పుట్టింటివారు ఎఫ్రుస్సీలు. యూదులు. నల్లసముద్రం ఒడ్డున ఉన్న ఒడెస్సాలో గోధుమల వ్యాపారంతో ఎదిగి, కొడుకులను వియన్నాకు, పారిస్‌కు పంపి బ్యాంకులు పెట్టించారు. ధాన్యం వ్యాపారం నుంచి వడ్డీకి, వడ్డీ నుంచి బ్యాంకుకు ఎదిగిన కుటుంబాలు మన దేశంలోనూ ఉన్నాయి కాబట్టి ఈ దారి మనకు కొత్త కాదు. వియన్నాలోని రింగ్‌స్ట్రాస్ అనే రాజవీధిలో వాళ్ళు కట్టించిన భవనం ఇప్పటికీ ఉంది.

పారిస్ శాఖలోని చార్ల్స్ ఎఫ్రుస్సీకి వ్యాపారం కంటే కళలమీద మక్కువ. ప్రసిద్ధ చిత్రకారుడు రెన్వార్ గీసిన పడవ విందు చిత్రంలో వెనకాల పొడుగు టోపీ పెట్టుకుని నిలబడ్డ మనిషి ఆయనే. ఈ నెట్సుకేలను కొన్నది కూడా ఆయనే. 1899లో వియన్నాలోని తమ్ముడి వరస విక్టర్ పెళ్ళికి వాటిని కానుకగా పంపారు. విక్టర్ భార్య ఎమ్మీ వాటిని తన అలంకరణ గదిలో పెట్టుకుంది. తల్లి ముస్తాబవుతుంటే పిల్లలు ఆ బొమ్మలతో ఆడుకునేవారు. ఆ పిల్లల్లో ఎలిజబెత్, ఇగ్గీ కూడా ఉన్నారు.

1938 మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాలో ప్రవేశించాయి. కొద్దిరోజుల్లోనే ఆ ఇంటిమీద పడ్డారు. చిత్రపటాలు, పుస్తకాలు, వెండి సామాను అన్నీ జాబితా రాసుకుని పట్టుకుపోయారు. విక్టర్‌ను నిర్బంధించి, బెదిరించి, ఆస్తిని వదులుకుంటున్నట్టు సంతకం చేయించుకున్నారు. మూడు తరాల బ్యాంకు చేజారిపోయింది.

ఇక్కడ నేను చదవడం ఆపి కాసేపు ఊరకే కూర్చున్నాను. జె.ఎ.ఐ.ఐ.బి. పరీక్షకు మనమందరం చదువుకున్నాం. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ ప్రకారం ఒప్పందానికి స్వేచ్ఛా సమ్మతి ఉండాలి. బలవంతంతో పెట్టించిన సంతకాన్ని పెట్టినవాళ్ళు రద్దు చేయించుకోవచ్చు. పరీక్షలో అది ఒక ప్రశ్నకు జవాబు. వియన్నాలో ఆ రోజు కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. సంతకం ఉంది, జాబితా ఉంది, ముద్ర ఉంది. లేనిది న్యాయం ఒక్కటే. రికార్డు సరిగ్గా ఉండటం, పని సరిగ్గా జరగడం రెండూ ఒకటి కావని మన వృత్తిలోని వాళ్ళు గుర్తుంచుకోవలసిన సందర్భం ఇది.

ఎమ్మీ ఆ ఏడాదే కన్నుమూసింది. విక్టర్ 1939లో ఇంగ్లండులోని కూతురి దగ్గరకు చేరి, యుద్ధం ముగిసిన 1945లోనే మరణించారు.

రసీదు లేని భద్రత

1945 చివర్లో ఎలిజబెత్ ఏం మిగిలిందో చూడటానికి వియన్నా వెళ్ళింది. వియన్నా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలితరం స్త్రీలలో ఆమె ఒకరు. ఇల్లు ఆఫీసుగా మారిపోయింది. అక్కడ ఆమెకు తారసపడింది అన్నా. ఎమ్మీకి సేవచేసిన పనిమనిషి.

ఇల్లు దోచినవాళ్ళు అన్నాను తమ కోసం సామాన్లు సర్దే పనిలో పెట్టుకున్నారు. ఆ గదిలోకి వెళ్ళి వచ్చే ప్రతిసారీ ఆమె మూడో నాలుగో బొమ్మలను ఏప్రన్ జేబులో వేసుకుని తన గదికి తెచ్చేది. పరుపులో దాచేది. పెద్ద చిత్రాలూ వెండీ చూసుకునే వాళ్ళకు ఆ చిన్న బొమ్మల మీద ధ్యాస లేదు. యుద్ధం నడిచినన్నాళ్ళూ ఆమె ఆ పరుపు మీదే పడుకుంది. ఎలిజబెత్ తిరిగి రాగానే 264 బొమ్మలనూ అప్పగించింది. వాటిని ఎలిజబెత్ చిన్న పెట్టెలో ఇంగ్లండుకు తీసుకెళ్ళింది. 1947లో ఇగ్గీ జపాన్‌కు తీసుకెళ్ళాడు.

ఒకరి వస్తువును మరొకరు తిరిగిచ్చే షరతు మీద దగ్గర ఉంచుకోవడాన్ని మనం బెయిల్‌మెంట్ అంటాం. దానికి అప్పగించేవాళ్ళు ఉండాలి, ఒప్పందం ఉండాలి. అన్నాకు ఎవరూ ఏదీ అప్పగించలేదు. రసీదు లేదు, రిజిస్టరులో ఎంట్రీ లేదు, అద్దె లేదు. పట్టుబడితే ప్రాణం పోయేది. తిరిగి వస్తారన్న నమ్మకం కూడా ఉండి ఉండదు. అయినా ఒక్కటి కూడా తగ్గకుండా దాచింది. బ్యాంకు పోయింది, ఇల్లు పోయింది. మిగిలినది ఆమె జేబులో పట్టినదే.

ఆమె ఇంటిపేరు ఆ పుస్తకంలో లేదు. అడగగలిగినప్పుడు నాయనమ్మను అడగాలని తోచలేదని డి వాల్ ఒప్పుకున్నారు. ఇంట్లో అందరికీ ఆమె అన్నా మాత్రమే.

విడిగా కాదు, వరసగా

ఇక ఆయన కుండల సంగతి. 1993లో లండన్ చేరాక డి వాల్ పాత్రను ఒక్కొక్కటిగా అమ్ముకునే వస్తువుగా చూడటం క్రమంగా మానేశారు. సన్నని, చేత్తో చేసిన, కొద్దిగా సొట్టలున్న గొట్టాల్లాంటి పాత్రలు పదుల సంఖ్యలో చేసి, వాటిని అరల్లో వరసగా పేర్చడం మొదలుపెట్టారు. అన్నీ తెలుపే. అయినా దగ్గరగా చూస్తే ఒకటి పాలతెలుపు, ఒకటి బూడిదతెలుపు, ఒకటి ఆకుపచ్చ ఛాయ. రెంటి మధ్య వదిలిన ఖాళీ కూడా ఆయన లెక్కలో భాగమే. 1999లో డార్టింగ్‌టన్‌లోని హై క్రాస్ హౌస్ అనే ఆధునిక భవనంలో గదులనిండా ఇలా పాత్రలు అమర్చారు.

2009లో లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో పింగాణీ గ్యాలరీలు కొత్తగా తెరిచినప్పుడు, పైకప్పు గుమ్మటం లోపలి అంచు చుట్టూ ఎర్రని అల్యూమినియం అర కట్టి, దానిమీద 425 పాత్రలు పెట్టారు. ఆ మ్యూజియంలో చిన్నప్పటినుంచి తను చూసిన పాత్రలను గుర్తుచేసుకుని చేసినవి అవి. కిందినుంచి తలెత్తి చూస్తే ఎర్రని వలయంలో తెల్లని వరస కనిపిస్తుంది. ఒక్కో పాత్ర ఎలా ఉందో మాత్రం తెలియదు.

దీనిమీద విమర్శ లేకపోలేదు. నీళ్ళు తాగలేని, చేత్తో పట్టుకోలేని, సరిగా చూడను కూడా చూడలేని పాత్ర ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. మా ఇంట్లో ఆవకాయ పెట్టని జాడీ ఉంటే మా అత్తయ్యగారు కూడా అదే అడిగేవారు. నాకు తోచిన సమాధానం ఇది. అద్దాల బీరువా, దాచిపెట్టడం, అందనంత దూరంలో ఉండటం ఆయన కుటుంబకథలోనే ఉన్నాయి. మనవి అనుకున్నవి ఒక్కోసారి మనకు కనిపిస్తూనే అందకుండా పోతాయి. ఆయన అరలు చూసేవాళ్ళకు ఆ లోటు తెలుస్తుంది. అందరికీ ఇది నచ్చాలని లేదు.

తెలుపు వెనక

2015లో వచ్చిన 'ద వైట్ రోడ్' అన్న పుస్తకంలో డి వాల్ తను జీవితమంతా వాడిన పింగాణీ పుట్టుపూర్వోత్తరాలు వెతికారు. చైనాలోని జింగ్‌దెజెన్ నగరంతో మొదలవుతుంది. శతాబ్దాలపాటు చక్రవర్తుల కోసం పింగాణీ చేసిన ఊరు అది. చీనా మట్టికి కెయొలిన్ అన్న పేరు ఆ ప్రాంతపు కొండ పేరునుంచే వచ్చింది.

అక్కడినుంచి జర్మనీలోని డ్రెస్డెన్. బంగారం తయారుచేయగలనని గొప్పలు చెప్పిన బోట్గర్ అనే కుర్రవాణ్ణి శాక్సనీ పాలకుడు అగస్టస్ బంధించి ఉంచాడు. బంగారం రాలేదు. చిర్న్‌హౌస్ అనే పండితుడితో కలిసి చేసిన ప్రయోగాల్లో 1708లో తెల్లని పింగాణీ వచ్చింది. 1710లో మైసెన్ కర్మాగారం మొదలైంది. ఆ తర్వాత ఇంగ్లండు. ప్లిమత్‌లో మందుల వ్యాపారి విలియం కుక్‌వర్తీ, కార్న్‌వాల్ మట్టిలో అదే గుణం కనిపెట్టి 1768లో పేటెంటు తీసుకున్నాడు.

ప్రయాణం అక్కడే ఆగి ఉంటే అది అందమైన చరిత్ర అయ్యేది. కానీ డి వాల్ అల్లాఖ్ కూడా వెళ్ళారు. నాజీ ఎస్.ఎస్. దళం నడిపిన పింగాణీ కర్మాగారం అక్కడ ఉండేది. దాఖౌ నిర్బంధ శిబిరంలోని ఖైదీలతో తెల్లని బొమ్మలు చేయించేవారు. తను ప్రేమించిన తెలుపును, తన కుటుంబాన్ని వీధిన పడేసినవాళ్ళు కూడా ప్రేమించారు. అందమైనది కాబట్టి దాన్ని చేసిన చేతులూ చేయించిన మనసులూ అందమైనవే అయి ఉంటాయని అనుకోలేమన్న సంగతి ఆయన దాచకుండా రాశారు.

పుస్తకాలకు ఇల్లు

2019లో వెనిస్‌లో ఆయన 'లైబ్రరీ ఆఫ్ ఎగ్జైల్' అన్న గదిని కట్టారు. దేశం విడిచి వెళ్ళవలసి వచ్చిన రచయితల పుస్తకాలు దాదాపు 2000 అందులో ఉంచారు. గది బయటి గోడలకు పింగాణీ ద్రవం పూసి, చరిత్రలో తగలబడిన, దోచుకున్న గ్రంథాలయాల పేర్లు రాశారు. లోపల ఆయన పాత్రలూ ఉన్నాయి. వచ్చినవాళ్ళు కూర్చుని చదువుకోవచ్చు, తమకు ప్రియమైన పుస్తకంలో తమ పేరు రాయవచ్చు. ఈసారి అద్దం అడ్డు లేదు, చేతితో పట్టుకోవచ్చు.

ఆ గది డ్రెస్డెన్‌కు, 2020లో లండన్ బ్రిటిష్ మ్యూజియానికి వెళ్ళింది. ఆ తర్వాత పుస్తకాలను ఇరాక్‌లోని మోసుల్ విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చారు. ఐసిస్ ఆక్రమణలో నాశనమై అప్పట్లో మళ్ళీ లేస్తున్న గ్రంథాలయం అది.

నెట్సుకేలను కూడా ఆయన తన ఇంట్లోనే ఉంచుకోలేదు. 2018లో వాటిలో 79 వేలం వేయించి, వచ్చిన సొమ్ము శరణార్థులకు సాయపడే సంస్థకు ఇచ్చారు. 157 బొమ్మలను వియన్నాలోని యూదు మ్యూజియానికి దీర్ఘకాలిక పద్ధతిలో అప్పుగా ఇచ్చారు. ఏ నగరంనుంచి ఏప్రన్ జేబులో బయటపడ్డాయో ఆ నగరానికే, ఈసారి అందరూ చూసేలా తిరిగి వెళ్ళాయి. అన్నా తన కోసం దాచుకోలేదు కదా. ఆమె నుంచి వచ్చినదాన్ని ఆయన కూడా అలాగే ముందుకు పంపారని నాకు అనిపించింది.

మా జాడీ

మొన్న వేసవిలో ఏడో బదిలీ అయింది. ఈసారి జాడీ మూత విడిగా అట్టపెట్టెలో పెట్టాను. అది పగిలింది. ఇప్పుడు పాతపద్ధతిలో తెల్లగుడ్డతో వాసెన కడుతున్నాం.

మూతముక్కలు ఏరుతూ మా అమ్మాయి, "ఇది నానమ్మకు ఎవరిచ్చారమ్మా?" అని అడిగింది. మావారికి తెలియదు. ఆవిడ పుట్టింటి నుంచి వచ్చిందనే ఊహ. ఏ సంతలో కొన్నారు, ఎద్దులబండిలో వచ్చిందా బస్సులో వచ్చిందా, మాకంటే ముందు ఎన్ని ఇళ్ళు మారిందో చెప్పగల మనిషి ఇప్పుడు లేరు. ఆవిడతో కలిసి ఇరవై ఏళ్ళపాటు ఏటేటా అందులో ఆవకాయ కలిపాను. ఒక్కసారీ అడగలేదు. అన్నా పేరు దగ్గర డి వాల్ రాసిన మాట అప్పుడు నాకు గుర్తొచ్చింది.

మన ఖాతాలన్నిటికీ నామినేషన్ రాయించుకోమని కస్టమర్లకు రోజూ చెబుతాం. లాకరుకూ రాయిస్తాం. ఇంట్లో ఉన్న ఇలాంటి వస్తువులకు ఆ పని చేయం. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, ఒక్క వస్తువు గురించి అడగండి. ఎవరు కొన్నారు, ఎవరు మోసుకొచ్చారు, ఎప్పుడు పగలబోయి బతికిందో పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి.

మా అమ్మాయి తనకు తెలిసినంత ఒక కాగితం మీద రాసింది. నానమ్మ పేరు, ఇంటిపేరుతో సహా మొదటి వరసలో ఉంది. కింద మేం మారిన ఏడు ఊళ్ళ పేర్లు. అంతకు ముందుది తెలియదు కాబట్టి పైన రెండు వరసలు ఖాళీగా వదిలేసింది. ఆ కాగితం మడిచి, జాడీని చుట్టే పాత చీరలో పెట్టాం.